సరిహద్దుల చెంత సైనిక నిఘా విమానాలు: ప్రమాదాలు, నియంత్రణ మార్గాలు

విషయ క్రమం

1. లక్ష్యాలు
2. పరిచయం
3. నిఘా విమానం ఏమి చేస్తుంది?
4. ఆకాశం ఎవరిది? చట్టపరమైన హద్దులు
5. ప్రమాదానికి దారితీసే కారణాలు
6. ఘటన అధ్యయనం: రాణ్ ఆఫ్ కచ్, 1999
7. చోటిచ్చిన దేశానికి ఎదురయ్యే ప్రమాదం
8. పైలట్ లేని నిఘా విమానాలు
9. నియంత్రణ మార్గాలు
10. సారాంశం
11. కీలక పదాలు
12. నమూనా పరీక్షా ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• సైనిక నిఘా విమానాల పనితీరును, వాటి అవసరాన్ని వివరించగలుగుతారు.
• జాతీయ గగనతలం, ప్రాదేశిక జలాలు, ప్రత్యేక ఆర్థిక మండలం, వాయు రక్షణ గుర్తింపు మండలం మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• శాంతికాలంలో కూడా ఈ విమానాలు ప్రాణనష్టానికి, దేశాల మధ్య ఉద్రిక్తతకు ఎలా కారణమవుతాయో ఉదాహరణలతో విశ్లేషించగలుగుతారు.
• ప్రమాదాలను తగ్గించే ఒప్పందాలను, వాటి పరిమితులను చర్చించగలుగుతారు.

2. పరిచయం

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌కు వెళ్ళినవారు కురుసుర జలాంతర్గామి మ్యూజియంకు సమీపంలో నిలిపి ఉంచిన పెద్ద విమానాన్ని చూసే ఉంటారు. దాని పేరు టీయూ-142. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ రకం విమానాలను భారత నౌకాదళం 1988 నుంచి 2017 వరకు సముద్ర నిఘాకు వాడింది. 2017 మార్చిలో అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాళి స్థావరంలో వాటికి వీడ్కోలు పలికారు. వాటిలో ఒకదానిని విశాఖకు తెచ్చి మ్యూజియంగా మార్చారు. ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించారు. దాదాపు మూడు దశాబ్దాల సేవలో ఈ విమానాలు ఒక్క ప్రమాదానికీ గురికాలేదు.

ఇదే పని మీద బయలుదేరిన అన్ని విమానాలకూ ఆ అదృష్టం దక్కలేదు. 1969లో ఉత్తర కొరియా కూల్చిన అమెరికా నిఘా విమానంలో 31 మంది చనిపోయారు. 1999లో భారత యుద్ధవిమానం కూల్చిన పాకిస్థాన్ నౌకాదళ విమానంలో 16 మంది చనిపోయారు. ఈ రెండు సందర్భాలలోనూ యుద్ధం జరగడం లేదు. మరి యుద్ధం లేని రోజున, చూసి రావడానికి మాత్రమే వెళ్ళిన విమానం ఎందుకు కూలుతుంది? ఈ భాగం ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతుంది. చట్టం అనుమతించిన చోట ఎగిరినంత మాత్రాన భద్రత ఉండదు. రెండు దేశాలు ముందుగా పాటించే దూరం, ఇచ్చిపుచ్చుకునే సమాచారం, ఘటన జరిగిన వెంటనే మాట్లాడుకోగల మార్గం, ఈ మూడే ప్రాణాలను కాపాడతాయి. ఇదే ఈ భాగంలోని ప్రధాన వాదన.

3. నిఘా విమానం ఏమి చేస్తుంది?

నిఘా విమానాల పనిని మూడు రకాలుగా విభజించవచ్చు.

(అ) ఛాయాచిత్ర నిఘా: సైనిక స్థావరాలు, రోడ్లు, వంతెనలు, సేనల కదలికలను పై నుంచి చిత్రించడం.

(ఆ) రాడార్ నిఘా: విమానం సొంత గగనతలంలోనే సరిహద్దుకు సమాంతరంగా ఎగురుతూ పక్క నుంచి రాడార్‌తో అవతలి ప్రాంతాన్ని గమనించడం. మబ్బులు, చీకటి దీనికి అడ్డు కావు.

(ఇ) సంకేతాల నిఘా: అవతలి దేశపు రేడియో సంభాషణలను, రాడార్ తరంగాలను పట్టుకొని నమోదు చేయడం.

ఉపగ్రహాలు ఉండగా విమానాలెందుకు అన్న సందేహం మీకు కలగవచ్చు. ఉపగ్రహం తన కక్ష్యలో ముందే తెలిసిన వేళకు వచ్చి వెళ్ళిపోతుంది. ఆ వేళ తెలిసిన దేశం దాచవలసినదాన్ని దాచుకుంటుంది. విమానం అనుకున్నప్పుడు వెళ్ళగలదు, ఒకే చోట గంటల తరబడి తిరగగలదు, బలహీనమైన సంకేతాలను కూడా దగ్గర నుంచి పట్టుకోగలదు.

మూడవ రకం నిఘాలో ఒక చిక్కు ఉంది. గుర్తు తెలియని విమానం వస్తున్నదని తెలిస్తే అవతలి దేశం తన రాడార్లను పనిచేయిస్తుంది, యుద్ధవిమానాలను పైకి పంపుతుంది. నిఘా విమానానికి కావలసింది సరిగ్గా అదే, ఆ తరంగాలే దాని పంట. అంటే విమానం దగ్గరకు వెళ్ళడమే అవతలివారిని కదిలించడానికి ఒక సాధనం అవుతుంది. వచ్చింది వినడానికా, దాడికా అన్నది రాడార్ తెర ముందున్న సైనికుడికి మాత్రం తెలియదు.

ఇంత చెప్పినా నిఘా దానంతటదే చెడ్డ పని కాదు. పొరుగు దేశం సేనలను సమీకరించడం లేదని తెలిస్తే అనవసర భయం తగ్గుతుంది. నిజంగా సమీకరిస్తుంటే సిద్ధపడడానికి సమయం దొరుకుతుంది. 2013 మే నుంచి అరక్కోణం చేరడం మొదలైన పి-8ఐ విమానాలు సముద్ర నిఘా కోసం కొన్నవే. అయినా 2017లో డోక్లాం ప్రతిష్టంభన సమయంలోనూ, 2020లో తూర్పు లద్దాఖ్ ఉద్రిక్తత సమయంలోనూ వాటిని భూభాగంపై నిఘాకు వాడారు.

4. ఆకాశం ఎవరిది? చట్టపరమైన హద్దులు

జంపఖానాల నేతకు పేరుపొందిన వరంగల్ కొత్తవాడ వంటి పాత పేటల్లో ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. మన డాబా మీద మనం నిలబడడం మన హక్కు. కానీ అక్కడి నుంచి రోజూ పొరుగింటి వాకిట్లోకి తొంగి చూస్తుంటే ఏదో ఒక రోజు గొడవ తప్పదు. గోడ దాటలేదు కదా అన్న జవాబు వాదనకు సరిపోతుంది గాని, పొరుగువారి కోపాన్ని చల్లార్చదు. సరిహద్దు నిఘా విషయంలోనూ ఇదే ఇబ్బంది. అయితే ఆకాశంలో గోడ ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి.

4.1 జాతీయ గగనతలం: 1944 డిసెంబరు 7న సంతకాలైన చికాగో ఒప్పందం మొదటి అధికరణం ప్రకారం ప్రతి దేశానికి తన భూభాగంపై ఉన్న గగనతలం మీద పూర్తి సార్వభౌమాధికారం ఉంటుంది. మూడవ అధికరణం ప్రకారం సైనిక విమానాలు మరో దేశంపై అనుమతి లేకుండా ఎగరరాదు.

4.2 ప్రాదేశిక జలాలు: తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు, అంటే సుమారు 22 కి.మీ. వరకు, సముద్రం మీది ఆకాశం కూడా తీర దేశానిదే.

4.3 ప్రత్యేక ఆర్థిక మండలం: 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ వరకు, అంటే సుమారు 370 కి.మీ. వరకు, చేపలు, చమురు వంటి వనరులపై తీర దేశానికి హక్కులుంటాయి. ఇక్కడ విమానయానానికి స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛలో సైనిక కార్యకలాపాలు కూడా భాగమేనా అన్నదే వివాదం. భాగమేనని అమెరికా వాదిస్తుంది. తన తీరానికి ఎదురుగా నిఘా పెట్టడాన్ని చైనా తీవ్రంగా వ్యతిరేకిస్తుంది. 1995లో ఈ ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు, తన అనుమతి లేకుండా ఈ మండలంలో ఇతరులు సైనిక విన్యాసాలు జరపరాదని భారత్ ప్రకటించింది. 2021 ఏప్రిల్‌లో లక్షద్వీప్ సమీపాన అమెరికా యుద్ధనౌక ముందస్తు అనుమతి లేకుండా సంచరించినప్పుడు భారత్ తన అభ్యంతరాన్ని తెలియజేసింది.

4.4 వాయు రక్షణ గుర్తింపు మండలం: వచ్చే విమానం ఎవరిదో దూరం నుంచే తెలుసుకోవడానికి ఒక దేశం తనకు తానుగా ప్రకటించుకునే ప్రాంతం ఇది. ఇది ఆ దేశపు గగనతలం కాదు. కేవలం ఈ మండలంలోకి వచ్చిందన్న కారణంతో విమానాన్ని కూల్చే హక్కు ఎవరికీ లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) ప్రాదేశిక జలాలకు, ప్రత్యేక ఆర్థిక మండలానికి గగనతల హక్కులలో తేడా ఏమిటి?
(ఆ) నిఘా విమానం రాగానే రాడార్లను పనిచేయించడం ఆ విమానానికి ఎలా మేలు చేస్తుంది?

5. ప్రమాదానికి దారితీసే కారణాలు

5.1 అతి సమీపంలో అడ్డగించడం: నిఘా విమానం కనబడగానే తీర దేశం యుద్ధవిమానాలను పంపి వెంబడిస్తుంది. ఇది మామూలే. వెంబడించే పైలట్ హెచ్చరించడానికో, ధైర్యం చూపడానికో మరీ దగ్గరకు వస్తే పొరపాటుకు చోటుండదు. 2001 ఏప్రిల్ 1న చైనాకు చెందిన హైనాన్ ద్వీపానికి సుమారు 110 కి.మీ. దూరంలో అమెరికా ఈపీ-3 నిఘా విమానాన్ని చైనా జె-8 యుద్ధవిమానం ఢీకొన్నది. చైనా పైలట్ వాంగ్ వేయ్ చనిపోయాడు. దెబ్బతిన్న అమెరికా విమానం అనుమతి లేకుండానే హైనాన్‌లో దిగింది. 24 మంది సిబ్బందిని చైనా 11 రోజులు నిర్బంధించింది. ఈ ఘటన 12 నాటికల్ మైళ్ళకు ఎంతో అవతల జరిగిందని గుర్తుంచుకోండి. చట్టపు గీత చాలా దూరంలో ఉన్నా ఒక ప్రాణం పోయింది.

5.2 గుర్తింపులో పొరపాటు: 1983 సెప్టెంబరు 1న సోవియట్ యుద్ధవిమానం దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చివేయగా 269 మంది మరణించారు. ఆటోపైలట్ అమరికలో జరిగిన పొరపాటును సిబ్బంది గుర్తించకపోవడంతో అది దారితప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళింది. ఆ రాత్రి అదే ప్రాంతపు తీరంలో అమెరికా నిఘా విమానం కూడా తిరిగింది. సోవియట్ రక్షణ సిబ్బంది ప్రయాణికుల విమానాన్ని నిఘా విమానంగా పొరబడ్డారు. నిఘాతో ఏ సంబంధమూ లేనివారు దాని మూల్యం చెల్లించారు.

5.3 ఉద్రిక్త వాతావరణం: ఇరుదేశాల సంబంధాలు బాగున్న రోజున హెచ్చరికతో ముగిసే చొరబాటు, సంబంధాలు చెడిన రోజున క్షిపణితో ముగుస్తుంది. దీనికి ఉదాహరణను 6వ విభాగంలో చూస్తారు.

5.4 మూడవ పక్షం: 2018 సెప్టెంబరు 17న సిరియా తీరంలో రష్యాకు చెందిన ఐఎల్-20 నిఘా విమానం కూలి 15 మంది చనిపోయారు. దానిని కూల్చినది శత్రువు కాదు. ఇజ్రాయెల్ యుద్ధవిమానాల దాడికి ప్రతిగా రష్యా మిత్రదేశమైన సిరియా వదిలిన క్షిపణి దానికి తగిలింది.

5.5 సమయం చాలకపోవడం: పై కారణాలన్నిటికీ ఇది తోడవుతుంది. గంటకు 600 కి.మీ. వేగంతో వెళ్ళే విమానం 10 కి.మీ. దూరాన్ని ఒక్క నిమిషంలో దాటుతుంది. ఆ నిమిషంలోనే విమానాన్ని గుర్తించాలి, హెచ్చరించాలి, జవాబు కోసం చూడాలి, పై అధికారిని అడగాలి. ప్రభుత్వాలు నెలల తరబడి చర్చించే విషయాన్ని అక్కడ ఒక పైలట్, ఒక రాడార్ అధికారి క్షణాలలో తేల్చవలసి వస్తుంది.

6. ఘటన అధ్యయనం: రాణ్ ఆఫ్ కచ్, 1999

ఈ ఘటనను అర్థం చేసుకోవడానికి కొంత వెనక్కి వెళ్ళాలి. 1959 ఏప్రిల్ 10న భారత వాయుసేనకు చెందిన క్యాన్‌బెర్రా నిఘా విమానాన్ని రావల్పిండి సమీపంలో పాకిస్థాన్ యుద్ధవిమానం కూల్చింది. అందులోని ఇద్దరూ పారాచూట్లతో ప్రాణాలు దక్కించుకున్నారు. అంటే ఒకరి ఆకాశంలోకి మరొకరు తొంగి చూడడం ఒక్క వైపు నుంచే జరిగిన పని కాదు.

ఇలాంటి ఘటనలను నివారించడానికి 1991 ఏప్రిల్ 6న రెండు దేశాలు గగనతల ఉల్లంఘనల నివారణ ఒప్పందంపై సంతకాలు చేశాయి. యుద్ధవిమానాలు, బాంబర్లు, నిఘా విమానాలు, సైనిక జెట్ శిక్షణ విమానాలు, సాయుధ హెలికాప్టర్లు అవతలి దేశపు గగనతలానికి 10 కి.మీ. లోపుకు రాకూడదని అందులో రాసుకున్నారు. ఆయుధాలు లేని రవాణా విమానాలకు 1,000 మీటర్ల వరకు వెసులుబాటు ఇచ్చారు. పొరపాటున ఉల్లంఘన జరిగితే వెంటనే విచారించి అవతలి వాయుసేనకు తెలియజేయాలన్నది మరొక నియమం.

1999 జులై 26న కార్గిల్ యుద్ధం ముగిసింది. ఇంకా పక్షం రోజులు గడిచాయో లేదో, ఆగస్టు 10న కరాచీ నుంచి బయలుదేరిన పాకిస్థాన్ నౌకాదళపు అట్లాంటిక్ నిఘా విమానం రాణ్ ఆఫ్ కచ్ ప్రాంతంలో సరిహద్దుకు వచ్చింది. భారత వాయుసేన మిగ్-21 దానిని క్షిపణితో కూల్చింది. అందులోని 16 మందీ మరణించారు.

విమానం తమ గగనతలంలోకి సుమారు 10 కి.మీ. లోనికి వచ్చిందని, దిగమన్న సూచనను లెక్కచేయలేదని భారత్ చెప్పింది. అది శిక్షణలో ఉన్న నిరాయుధ విమానమని, తమ గగనతలంలోనే ఉందని పాకిస్థాన్ చెప్పింది. శకలాలు ఎక్కువగా పాకిస్థాన్ వైపు సరిహద్దుకు దగ్గరలోనే పడ్డాయి. మరునాడు భారత్ పాత్రికేయులను హెలికాప్టర్లలో ఆ ప్రాంతానికి తీసుకువెళ్ళినప్పుడు పాకిస్థాన్ వైపు నుంచి క్షిపణి ప్రయోగం జరిగింది. అది గురి తప్పింది. తగిలి ఉంటే ఒక ఘటన రెండు ఘటనలయ్యేది.

పాకిస్థాన్ అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసి నష్టపరిహారం కోరింది. ఈ కేసును విచారించే అధికారం తనకు లేదని 2000 జూన్ 21న న్యాయస్థానం 14–2 ఆధిక్యంతో తేల్చింది. తప్పెవరిది అన్న ప్రశ్నకు తీర్పు రాకుండానే కేసు ముగిసింది.

ఈ ఘటన నుంచి మూడు విషయాలు గమనించాలి. మొదటిది, 10 కి.మీ. నియమం కాగితంపై ఉంది, కానీ యుద్ధం మిగిల్చిన అనుమానం ముందు అది నిలవలేదు. విమానం సరిహద్దు దాటిందా లేదా అన్న వాదన ఎలా ఉన్నా, అంత దగ్గరకు రావడమే ఒప్పందానికి విరుద్ధం. రెండవది, అంత దగ్గరలో ఉన్న విమానం ఏ వైపు ఉన్నదో తరువాత నిరూపించడం చాలా కష్టం. మూడవది, ప్రాణాలు పోయిన తరువాత న్యాయస్థానాలు చేయగలిగింది కొద్దే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) 1991 ఒప్పందంలో నిఘా విమానాలకు నిర్ణయించిన దూరం ఎంత?
(ఆ) అట్లాంటిక్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఏమని తేల్చింది?

7. చోటిచ్చిన దేశానికి ఎదురయ్యే ప్రమాదం

నిఘా విమానం ఏ గడ్డ మీద నుంచి లేచిందో ఆ దేశం కూడా ప్రమాదంలో పడుతుంది. 1960 మే 1న సోవియట్ యూనియన్ కూల్చిన అమెరికా యూ-2 విమానం పాకిస్థాన్‌లోని పెషావర్ నుంచి బయలుదేరింది. మొదట అది వాతావరణ పరిశోధన విమానమని అమెరికా చెప్పింది. పైలట్ గ్యారీ పవర్స్ సజీవంగా పట్టుబడడంతో ఆ మాట అబద్ధమని తేలిపోయింది. ఆ నెలలోనే పారిస్‌లో జరగవలసిన శిఖరాగ్ర సమావేశం విఫలమైంది. సోవియట్ నాయకత్వం పాకిస్థాన్‌ను కూడా నేరుగా బెదిరించింది.

1962 యుద్ధం తరువాత భారత్ కూడా ఇటువంటి సహకారం వైపు మొగ్గింది. చైనా సేనల కదలికలను తెలుసుకోవడం అప్పట్లో అత్యవసరం. ఒడిశాలో కటక్ సమీపంలోని చార్‌బతియా స్థావరాన్ని అమెరికా యూ-2 విమానాలు వాడుకోవడానికి భారత్ అంగీకరించింది. అక్కడి నుంచి మొదటి విమానం 1964 మే 24న ఎగిరింది. మూడు రోజులకే ప్రధాని నెహ్రూ మరణించారు. అమెరికా గూఢచార సంస్థ 2013లో రహస్య ముద్ర తొలగించిన పత్రాల ద్వారా ఈ వివరాలు లోకానికి తెలిశాయి. ఏ కూటమిలోనూ చేరని దేశం తీసుకున్న ఆ నిర్ణయం భద్రతావసరానికి, విదేశాంగ విధానానికి మధ్య ఘర్షణను చూపుతుంది. ఆ విమానాలలో ఒక్కటి చైనాలో కూలి ఉన్నా, 1960లో పాకిస్థాన్ ఎదుర్కొన్న ప్రశ్ననే భారత్ ఎదుర్కొనవలసి వచ్చేది.

8. పైలట్ లేని నిఘా విమానాలు

నేడు నిఘా భారంలో చాలా భాగం పైలట్ లేని విమానాలకు, అంటే డ్రోన్‌లకు, మారుతున్నది. వీటి తయారీలో హైదరాబాద్‌కు స్థానం ఉంది. అక్కడ సిద్ధమైన దృష్టి-10 స్టార్‌లైనర్‌ను 2024 జనవరిలో భారత నౌకాదళానికి అందజేశారు. అది ఒకసారి లేచిందంటే 36 గంటల వరకు గాలిలో ఉండగలదని తయారీదారులు చెబుతారు.

డ్రోన్ కూలితే దానిలో మనిషి చనిపోడు. ఇది నిస్సందేహంగా మేలు. కానీ ఇందులో మరో ప్రమాదం ఉంది. ప్రాణం పోదు కనుక పంపేవాడు మరింత దగ్గరకు పంపుతాడు, కూల్చేవాడు వెనకాడకుండా కూలుస్తాడు. 2019 జూన్ 20న ఇరాన్ అమెరికా నిఘా డ్రోన్‌ను కూల్చినప్పుడు అమెరికా ప్రతిదాడికి సిద్ధమై చివరి నిమిషాలలో విరమించుకుంది. 2023 మార్చి 14న నల్ల సముద్రంపై రష్యా యుద్ధవిమానం తగలడంతో అమెరికా డ్రోన్ సముద్రంలో కూలింది.

డ్రోన్ అదుపు తప్పే అవకాశం కూడా ఎక్కువే. 2017 చివరలో సిక్కిం ప్రాంతంలో శిక్షణలో ఉన్న భారత డ్రోన్ భూకేంద్రంతో సంబంధం కోల్పోయి వాస్తవాధీన రేఖ దాటింది. డోక్లాం ప్రతిష్టంభన ముగిసి కొద్ది నెలలే అయింది. భారత సరిహద్దు సిబ్బంది వెంటనే చైనా సిబ్బందికి సమాచారమిచ్చారు. చైనా నిరసన తెలిపింది, కానీ విషయం అంతకు మించి పెరగలేదు. ఈ ఘటనను 1999 ఘటనతో పోల్చి చూడండి. రెండూ ఉద్రిక్త సమయంలో జరిగినవే. డ్రోన్‌లో మనుషులు లేకపోవడం ఒక తేడా. తప్పు జరిగిందని తెలిసిన వెంటనే అవతలివారికి చెప్పడం మరొక తేడా.

9. నియంత్రణ మార్గాలు

(అ) దూరం పాటించడం: 1991 భారత్–పాకిస్థాన్ ఒప్పందం వంటిదే 1996 నవంబరు 29న భారత్, చైనాల మధ్య కూడా కుదిరింది. ముందస్తు అనుమతి లేకుండా యుద్ధవిమానాలు వాస్తవాధీన రేఖకు 10 కి.మీ. లోపల ఎగరకూడదని అది చెబుతుంది.

(ఆ) ప్రవర్తనా నియమాలు: 1972 మే 25న అమెరికా, సోవియట్ యూనియన్‌లు సముద్రంలో, దానిపై ఆకాశంలో ఘటనల నివారణకు ఒప్పందం చేసుకున్నాయి. ఎదుటివారి ఓడలపై, విమానాలపై ఉత్తుత్తి దాడులు చేయకూడదన్నది దాని సారం. అమెరికా, చైనాలు 2014లో ఇటువంటి అవగాహనకు వచ్చాయి.

(ఇ) బహిరంగ నిఘా: 1992లో సంతకాలై 2002లో అమలులోకి వచ్చిన ఓపెన్ స్కైస్ ఒప్పందం ప్రకారం సభ్యదేశాలు ముందుగా తెలియజేసి, నిరాయుధ విమానాలతో ఒకదానిపై మరొకటి పరిశీలనకు వెళ్ళవచ్చు. పరిశీలింపబడే దేశపు ప్రతినిధులు కూడా అదే విమానంలో కూర్చుంటారు. దాపరికం లేదు కనుక ప్రమాదమూ తక్కువ. కానీ 2020లో అమెరికా, 2021లో రష్యా దీని నుంచి తప్పుకున్నాయి.

(ఈ) పౌర విమానాలకు రక్షణ: 1983 దుర్ఘటన తరువాత చికాగో ఒప్పందానికి ఒక సవరణ చేశారు. ఎగురుతున్న పౌర విమానాలపై ఆయుధాలు ప్రయోగించరాదని అది చెబుతుంది. 1984లో ఆమోదం పొందినా 1998లో గాని అమలులోకి రాలేదు.

(ఉ) తక్షణ సంభాషణ: సైనిక కేంద్రాల మధ్య హాట్‌లైన్లు, సరిహద్దు అధికారుల సమావేశాలు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఇవన్నీ ఒక పరిమితికి లోబడినవే. నమ్మకం ఉన్నప్పుడు ఒప్పందాలు బాగా పనిచేస్తాయి, కానీ వాటి అవసరం ఎక్కువగా ఉండేది నమ్మకం లేనప్పుడే. అందుకే వీటిని శాంతికాలంలోనే అలవాటుగా మార్చుకోవాలి. రోజూ మోగే ఫోనే ఆపదలో కూడా ఎత్తబడుతుంది.

10. సారాంశం

సైనిక నిఘా విమానాలు దేశ భద్రతకు అవసరం. అవి అనుమానాలను తీర్చగలవు, కొత్త అనుమానాలను రేపగలవు కూడా. జాతీయ గగనతలంపై చట్టం స్పష్టంగా ఉన్నా, ప్రత్యేక ఆర్థిక మండలంపై దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు. అతి సమీపంలో అడ్డగించడం, గుర్తింపులో పొరపాటు, ఉద్రిక్తత, మూడవ పక్షం జోక్యం, సమయం చాలకపోవడం ప్రమాదాలకు ప్రధాన కారణాలు. 1999 రాణ్ ఆఫ్ కచ్ ఘటన నియమం ఉండీ పాటించకపోతే ఏమవుతుందో చూపింది. 2017 సిక్కిం ఘటన తప్పు జరిగాక వెంటనే మాట్లాడితే ఏమవుతుందో చూపింది. డ్రోన్‌లు ప్రాణనష్టాన్ని తగ్గించినా తొందరపాటుకు అవకాశం పెంచుతున్నాయి.

11. కీలక పదాలు

గగనతలం: ఒక దేశపు భూభాగం, ప్రాదేశిక జలాలపై ఉన్న ఆకాశం.
నాటికల్ మైలు: సముద్ర, వాయు ప్రయాణాలలో వాడే కొలత, 1.852 కి.మీ.
అడ్డగించడం: గుర్తు తెలియని విమానాన్ని యుద్ధవిమానంతో వెంబడించి గుర్తించడం, హెచ్చరించడం లేదా దారి మళ్ళించడం.
వాస్తవాధీన రేఖ: భారత్, చైనాల అధీనంలోని ప్రాంతాలను వేరుచేసే రేఖ.

12. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శాంతికాలంలో నిఘా విమానాలు ప్రమాదాలకు గురికావడానికి కారణాలను ఉదాహరణలతో వివరించండి.
2. 1999 రాణ్ ఆఫ్ కచ్ ఘటనను, 2017 సిక్కిం డ్రోన్ ఘటనను పోల్చి విశ్లేషించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వాయు రక్షణ గుర్తింపు మండలం అంటే ఏమిటి?
2. చార్‌బతియా స్థావరం ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. ‘చట్టబద్ధమైనదంతా సురక్షితం కాదు’ – హైనాన్ ఘటన ఆధారంగా చర్చించండి.